అగ్గీ నీళ్లూ బంద్

కులపెద్ద కర్ర చేతికొచ్చి ఇన్నేళ్లయినా రాజనర్సయ్య ఒక్కరిని కూడా వెలి వేయలేదు. ఆ కొరత ఆయన్ను లోలోపల తొలుస్తూనే ఉండేది. వాళ్ల నాయన పెద్దరికం చేసిన రోజుల్లో ఎవరినైనా వెలి వేశాడంటే ఆ గడప దగ్గర కుక్క కూడా తోక ఊపేది కాదని అమీర్‌పేట వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజనర్సయ్య కాలం వచ్చేసరికి తగువులన్నీ చప్పబడిపోయాయి. ఒకడి మేక ఇంకొకడి బీరపాదు మేసిందని ఒక పంచాయతీ, ఒకావిడ ఇంకొకావిడను బొంతకాకి అన్నదని ఇంకో పంచాయతీ. అలాంటివాటికి వెలి వేస్తే జనం నవ్విపోతారు. "పెద్దమనుషులంటే ఎనకటోళ్లే" అని ముసలి బుచ్చయ్య నిట్టూర్చినప్పుడల్లా వెండిపొన్ను కర్ర ఆయన చేతిలో బరువెక్కేది.

తీరా దేవుడు కరుణించి ఒక పెద్ద తప్పును పంపిస్తే, ఆ తప్పు చేసింది ఆయన సొంత అక్క.

సత్తెమ్మ ఇల్లు వాడకు చిట్టచివర, నాగజెముడు కంచెను ఆనుకుని ఉంటుంది. కంచెకు అవతల మిషను క్రైస్తవుల ఇండ్లు. మొగుడు పోయినప్పటి నుంచి సత్తెమ్మకు ఇద్దరే తోడు. ఒకటి మేక, రెండోది కంచె అవతలి కృపామణి. కృపామణి బేగంపేటలో ఒక దొర బంగ్లాలో వంటమనిషి. జర్మనీతో లడాయి జరుగుతున్న రోజులు, మైదా దొరకదు, చక్కెర దొరకదు. అయినా ఎట్లా సంపాదించిందో, ఆ యేడు క్రిస్మస్‌కు ఇంట్లోనే కేకు చేసింది. చేసి, కంచె సందులోంచి సత్తెమ్మను కేకేసింది. సత్తెమ్మ వెళ్లింది. కూర్చుంది. తిన్నది.

ఇది చూసినవాడు మొగిలయ్య. వరసకు రాజనర్సయ్యకు పెదనాయన కొడుకు. ఆ వెండిపొన్ను కర్ర తనకు రావాల్సిందని పుట్టినప్పటి నుంచి నమ్ముతున్నవాడు.

పంచాయతీ కంచె కనబడే దూరంలోని మోటబావి దగ్గర కూర్చుంది. జామతోటలు కౌలుకు పట్టి, పండ్లు గంపలకెత్తి లక్డీకాపూల్ దాకా అమ్ముకొచ్చే కులం వాళ్లది. ఆ పూట గంపలన్నీ బోర్లించి మగవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. వాళ్ల వెనక ఆడవాళ్లు. నడుమ రాజనర్సయ్య కర్ర నేలకానించి గొంతు సవరించుకున్నాడు. పంచాయతీలో అక్కా అని పిలవకూడదని దారిలోనే గట్టిగా అనుకుని వచ్చాడు.

"సత్తెవ్వా, నీ మీద ఒక మాట వచ్చింది."

"సత్తెవ్వ ఎవలురా? అక్కా అంటే నోరు నొస్తదా?"

వెనక ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. రాజనర్సయ్య మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"సరే, అక్కా. కిరస్తానోళ్ల పండుగ నాడు కృపామణి ఇంట్ల తిన్నవా?"

"తిన్న."

మొగిలయ్య ముఖం వాడిపోయింది. ఆమె కాదంటుందని సాక్షులకు కల్లు పోయించి మరీ తెచ్చుకున్నాడు. ఇట్లా ఒక్క ముక్కలో ఒప్పేసుకుంటే ఆ కల్లంతా ఏట్లో పోసినట్టే కదా.

"ఏం తిన్నవ్?" అన్నాడు రాజనర్సయ్య.

"కేకు."

"కేకంటే ఏంది?"

సత్తెమ్మ నోరు తెరిచేలోపు మొగిలయ్యే అందుకున్నాడు. "కోడిగుడ్లు, మైదపిండి కలిపి డబ్బాల పోసి, కింద అగ్గి, మీద అగ్గి పెడ్తరు. పొంగి ఇంతెత్తు వస్తది. మీద ఎండుద్రాక్ష."

"నీకెట్ల ఎరుక?"

"కంచె కాడ నిలవడ్డ. వాసన వచ్చింది గద."

"మంచిగుంటదా?" అని గుంపులోంచి ఎవరో అడిగారు.

"మస్తుంటది," అన్నది సత్తెమ్మ. "మీకు సుత తెద్దమనుకున్న. ముక్క మిగల్లే."

నవ్వులు ఆగేదాకా రాజనర్సయ్య ఓపిక పట్టాడు. లోపల మాత్రం ఆయనకు నవ్వు లేదు. తల్లి పోయాక పెంచి పెద్దచేసింది ఈ అక్కే. ఏదో ఒక అడ్డదారి దొరికితే బాగుండునని చూశాడు.

"ఇంటున్నవా అక్కా? తప్పు ఒప్పుకొని కులానికి కల్లు పొయ్యి. ఇగ కృపామణి గడప తొక్కనని ఒట్టెయ్యి. గంతే, ఇంటికి పో."

"కల్లు పోస్త. నువ్వు తప్పంటున్నవ్ గాబట్టి తప్పే అనుకో. ఒట్టు మాత్రం వెయ్య."

"ఎందుకెయ్యవ్?"

"రేపు పొద్దుగాల ఆమె గడప తొక్కే పని ఉన్నది. ఒట్టేసి తొక్కితే అది ఇంకో తప్పాయె. ఒక్క తప్పుకే గింత ఆయాసపడుతున్నవ్, రెండైతే ఎట్ల మోస్తవ్ తమ్మీ?"

మొగిలయ్య లేచి నిలబడ్డాడు. "అక్క అని ఇడిసిపెడ్తె రేపు ఎవల చెల్లెనైనా ఇడిసిపెట్టాలె. చాతగాకుంటె చెప్పు అన్నా, కర్ర ఇటియ్యి."

అందరి కళ్లూ కర్ర మీదికి మళ్లాయి. రాజనర్సయ్య వేళ్లు పొన్ను చుట్టూ బిగుసుకున్నాయి. ఆ మీద వచ్చిన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. అచ్చం నాయన గొంతు.

"సత్తెమ్మకు ఇయ్యాల్టి నుంచి అగ్గి బంద్, నీళ్లు బంద్, మాట బంద్. ఆమెకు ఇచ్చినోళ్లు, ఆమె కాడ తీసుకున్నోళ్లు సుత వెలే. వచ్చే అమావాస్యకు మల్ల కూసుందాం. ఒట్టేస్తే లోపలికి, లేకుంటే జల్మకు బయటికి."

బుచ్చయ్య తల పంకించి, "గిది పెద్దరికమంటే" అన్నాడు. ఆ రాత్రి రాజనర్సయ్యకు దుఃఖమూ కలిగింది, ఛాతీ కూడా పొంగింది. ఏది ఎక్కువో తేల్చుకోలేక నిద్రపోయాడు.

ఆ పొంగు పొద్దున్నే దిగిపోయింది.

లేస్తూనే చుట్ట ముట్టించకపోతే ఆయనకు కన్ను తెరుచుకోదు. చుట్ట నోట్లో పెట్టుకుని పొయ్యి దగ్గరికి పోతే పొయ్యి చల్లగా ఉంది. పెళ్లాం వజ్రమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని బూడిదలో పుల్లతో ముగ్గేస్తోంది.

"అగ్గేదే?"

"బంద్ గదా."

"బంద్ ఆమెకు. మనకెందుకు?"

"మనకు వచ్చేది ఆమె కాడినుంచే గద."

రాజనర్సయ్య నోట్లోంచి చుట్ట జారింది. వాడ మొత్తానికి ఆరని కుంపటి ఒక్కటే, సత్తెమ్మది. రాత్రి పిడకలు పేర్చి బూడిద కప్పి పడుకుంటుంది. తెల్లారి కదిలిస్తే ఎర్రగా నవ్వుతాయి. వాడలోని ఆడవాళ్లంతా తలా ఒక పెంకు పట్టుకుని వెళ్లి రెండు నిప్పులు తెచ్చుకుని పొయ్యి రాజేసుకుంటారు. పెళ్లయి వచ్చిన కోడలికి అత్త మొదట చూపించేది బావి, రెండోది సత్తెమ్మ కుంపటి. ఎప్పుడూ ఉండేదే కనుక ఎవరికీ గుర్తుండదు. పోనీ అగ్గిపెట్టె కొందామా అంటే, లడాయి మొదలైనప్పటి నుంచి అగ్గిపెట్టె దుకాణంలో కాక కథల్లో మాత్రమే వినబడుతోంది.

"నిన్న చెప్పేటప్పుడు జర యాది జేస్తే ఏమాయె?" అన్నాడు ఆయన.

"నేనెందుకు యాది జేస్త? నా మొగుడు గింత గట్టిగ మాట్లాడవట్టెనని సంబురపడి చూస్కుంట కూసున్న."

అటక మీద నాయన వాడిన చెకుముకి రాయి ఉంది. రాజనర్సయ్య దాన్ని దింపి, దూది పెట్టి, చెమటలు కారేలా కొట్టాడు. చివరికి ఒక రవ్వ ఎగిరింది. దూది మీద కాదు, ఆయన ఎర్ర రుమాలు కొస మీద పడింది. పొగ లేచేసరికి ఆయన రుమాలు లాగి తొక్కబోతుంటే వజ్రమ్మ ఉరికొచ్చింది.

"ఆర్పకు! ఆర్పకు! జర పొయ్యి కాడికి తే!"

అప్పటికే ఆరిపోయింది. ఆ పూట వాడలో ఏ కప్పు మీదా పొగ లేవలేదు. అందరూ జామకాయలు తిని ఎండలో కూర్చున్నారు. ఎవరూ కులపెద్దను ఏమీ అనలేదు. ఊరికే చూశారు. ఆ చూపు కంటే తిట్టడమే నయమనిపించింది ఆయనకు.

మర్నాడు మాత్రం లేచేసరికి పొయ్యి భగభగ మండుతోంది. చుట్ట ముట్టించి రెండు దమ్ములు లాగాక గానీ అడగాలని తట్టలేదు.

"యాడిదే గీ అగ్గి?"

"కంచె అవతలి నుంచి."

"కృపామణి ఇంట్లదా!"

"అవు. వాడోళ్లంత ఆడికెల్లే తెచ్చుకున్నరు. కిరస్తానోళ్ల బువ్వ తినొద్దు, నీళ్లు తాగొద్దన్నరు. అగ్గి తేవొద్దని ఏ పంచాతిల జెప్పిరి? అగ్గికి అంటుముట్టు లేదని మీ నాయననే అనేటోడు."

రాజనర్సయ్య ఆలోచించాడు. నిజమే, మొన్న తీర్పులో ఆ మాట లేదు. కృపామణి పొయ్యికి ఎవరైనా పోతారని ఊహ ఉంటే కదా బంద్ పెట్టడానికి! తీర్పు చెక్కుచెదరలేదు, చుట్టా ఆరలేదు. ఇంకో దమ్ము లాగి, "మంచిది," అన్నాడు.

రోజులు అట్లా గడుస్తుండగా ఒక మధ్యాహ్నం జామకాయలు అమ్ముకుని ఖాళీ గంపతో తిరిగి వస్తూ పంజాగుట్ట మలుపు దగ్గర చాయ్ హోటల్ బల్ల మీద కూలబడ్డాడు. పక్కన ఎవరో గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చూస్తే మిషను బడి పంతులు దయానందం. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. క్రైస్తవుల సంఘానికి పెద్ద.

"రాజనర్సయ్య గారూ, మీ అక్కగారి సంగతి విన్నాను," అన్నాడు దయానందం. "ఇటు మేము కూడా కృపామణిని సంఘం నుంచి ఆపాం."

"దేనికి సారూ?"

"ఆషాఢంలో పోచమ్మకు బోనం పెట్టిన అన్నం తిన్నదని ఇప్పుడు బయటపడింది. ఎవరింట్లో అనుకున్నారు? మీ అక్కగారింట్లోనే."

"ఓరి! అంటే మీ పండుగకు మా ఆమె, మా పండుగకు మీ ఆమె."

"అంతేనండి."

ఇద్దరూ చాయ్ సాసర్లలో పోసుకుని ఊదుకున్నారు. ఒకే పని చేసే ఇద్దరు పనివాళ్లు కలుసుకున్నట్టుంది. కాసేపటికి రాజనర్సయ్య ఆగలేకపోయాడు.

"మీ వెలి ఎట్లుంటది?"

"మూడు నెలలు ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వం. రొట్టె, ద్రాక్షారసం ఇవ్వం. గుళ్లో వెనక బెంచీ మీద కూర్చోవాలి."

"మరి అగ్గి, నీళ్లు?"

"అవి ఆపడానికి మేమెవరం?"

"గట్లయితే అదేం వెలి సారూ! కూసునే జాగ మార్చుడు. మాది చూడుండ్రి, మాట సుత బంద్."

దయానందానికి చురుక్కుమంది. "మీదేంటి, అమావాస్యకి అయిపోతుంది. మాది ఈస్టరు దాకా ఉంటుంది," అన్నాడు.

ఇంతలో రోడ్డుకు అవతల ఒక తెల్ల సిపాయి సైకిలు ఆపి దానికి ఆనుకుని నిలబడ్డాడు. హోటల్ ముందు బుట్టలోని వేడి సమోసాల కేసి చూస్తున్నాడు. చూస్తున్నాడే గానీ రోడ్డు దాటడు.

"గా దొర ఎందుకు రాడు?"

దయానందం గోడకు కొట్టిన నల్లబోర్డును గొడుగుతో చూపించాడు. "రాకూడదు. తెల్ల సిపాయిలు ఈ హోటల్లో అడుగుపెట్టకూడదని వాళ్ల ఆఫీసరే ఇంగ్లీషులో రాయించి పెట్టాడు."

"ఎందుకట? హోటలాయన మీద కోపమా?"

"కోపమేంటండి. కలరా తగులుతుందని భయం. వాళ్లను కాపాడుకోవడానికే."

రాజనర్సయ్య బోర్డును చూశాడు, సిపాయిని చూశాడు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. "రాజ్యమేలేటోళ్లకు సుత వెలి ఉన్నదా సారూ! గాయన చూసిండ్రా, అత్తగారింటి అరుగు కాడ నిలవడ్డ కొత్తల్లుడు లెక్క."

నవ్వితే నవ్వాడు గానీ ఆ ముఖం చూస్తే ఉండబట్టలేదు. రెండు సమోసాలు ఆకులో కట్టించుకుని రోడ్డు దాటి అతని చేతిలో పెట్టాడు. సమోసాలు రోడ్డు దాటకూడదని బోర్డు మీద లేదు కదా. సిపాయి కళ్లు మూసుకుని, నోరు కాలుతున్నా ఆగకుండా తిన్నాడు. తిని, వేళ్లు నాకి, జేబులో చెయ్యి పెట్టి రాజనర్సయ్య చేతిలో ఒకటి పెట్టి సైకిలెక్కాడు.

చూస్తే అగ్గిపెట్టె. నిండుగా పుల్లలతో.

ఇల్లు చేరేదాకా రాజనర్సయ్య దాన్ని మొలలోంచి చెయ్యి తీయకుండా పట్టుకునే ఉన్నాడు. ఇంక ఫికర్ లేదు. రోజుకొక పుల్లతో తన పొయ్యి రాజేస్తే, వాడంతా తన పొయ్యి నుంచే అగ్గి తీసుకుపోతుంది. కృపామణి అగ్గి కూడా బంద్ పెట్టొచ్చు. అప్పుడు తీర్పులో సూది దూరేంత సందు కూడా ఉండదు. మొగిలయ్య నోరు మూతపడుతుంది. రేపు తెల్లారగానే కంచె దగ్గరికి పోయి, మా వాళ్లకు అగ్గి ఇయ్యకు అని కృపామణికి చెప్పాలనుకున్నాడు.

తెలవారుతుండగానే వెళ్లాడు. సీతాఫలం చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాటలు వినిపించి ఆగిపోయాడు. నాగజెముడు కంచెకు ఇటువైపు సత్తెమ్మ, అటువైపు కృపామణి. సత్తెమ్మ తన కుంపటిలోని నిప్పులు పెంకులో ఎత్తి కంచె మీదుగా అందిస్తోంది.

"సత్తెక్కా, జర ఎక్కువ పొయ్యి," అంటోంది కృపామణి. "మీ వాడోళ్లంత నా పెరట్ల లైన్ గడుతున్నరు. దినాం నువ్విచ్చే అగ్గే ఇదని చెప్పాల్నా?"

"చెప్పకు. చెప్తే తీసుకోరు. తీసుకోకుంటె పిల్లలకు గంజి ఎట్ల కాగుతది?"

"పొద్దుగూకేదాక నేను బంగ్లాలనే ఉంటగద, చూసెటోళ్లు లేని నా పొయ్యిల తెల్లారేసరికి అగ్గి ఎట్లుంటదని ఒక్కరికన్న తట్టలే."

"తట్టితే చలికి వణకాలె గద. అందుకే తట్టదు. మీ గుళ్ల ఎట్లున్నదే?"

"వెనక బెంచీ మంచిగనే ఉన్నది అక్కా. ఎవల జడ ఎట్లున్నదో, ఎవలు కునుకుతున్నరో అన్ని కనవడుతయి. ముంగట కూసుంటే పాస్టరయ్య ఒక్కడే కనవడేది." కృపామణి నవ్వుతూనే పెంకును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "రొట్టె ఇచ్చేటప్పుడు మాత్రం జర కష్టమనిపిస్తది."

పెంకు పట్టుకుని ఆమె వెళ్లిపోయింది. సత్తెమ్మ వెనక్కి తిరిగింది. సీతాఫలం ఆకుల్లో కొస కాలిన ఎర్ర రుమాలు ఆమె కంట్లో పడింది. పడనట్టే మేక దగ్గరికి పోయి కూర్చుని, దాని మెడ నిమరడం మొదలుపెట్టింది.

"ఏమే, చెట్టుకు ఎర్రగ ఏందో కాసింది చూసినవా? మనం పలకరియ్యొద్దు. మాట బంద్. నీతోనైతే మాట్లాడొచ్చు, నువ్వు కులంల లేవు."

మేక చెవులు ఊపింది. రాజనర్సయ్య ఆకుల వెనక్కి ఇంకాస్త నక్కాడు.

"వెలి నాకు కొత్త గాదే. ప్లేగు వచ్చినప్పుడు ఊరే మమ్ముల బయట పెట్టింది. పంజాగుట్ట బండల కాడ గుడిసెలేసుకున్నం. గది సుత వెలే. గానీ గప్పుడు పొమ్మన్నోళ్లే కండ్లనీళ్లు పెట్టుకున్నరు. ఎప్పుడొస్తరని దినాం దూరంకెల్లి కేకేసి అడిగెటోళ్లు. బయట పెట్టింది మల్ల లోపలికి తీసుకునేటందుకే. మా అమ్మ మాత్రం గుడిసెలనే పాయె. తమ్ముడు ఆకలికి ఏడుస్తుండె. గీ కృపామణి తల్లి లేదూ, జీవమణి, గామె దినాం ముంతల జొన్న గటుక కాచి తెచ్చి బండ మీద పెట్టి, దూరం జరిగి నిలవడేది. నేను పోయి తెచ్చి వానికి తినిపించిన. ఇద్దరం బతికినం."

ఆమె మేక మెడలోని తాడు సర్ది, మళ్లీ అంది.

"వానికి యాదిలేదు. చిన్నోడు. ఎవలింటి గటుకో నేను జెప్పలే. చెప్తే కులపోళ్లు వాన్ని లోపలికి రానిద్దురా? కర్ర చేతికిద్దురా? ఇన్నేండ్లకు నీకొక్కదానికే చెప్పిన. నువ్వెవలికీ చెప్పకు."

లేచి, చీర దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది. రాజనర్సయ్య చాలాసేపు ఆకుల్లోనే ఉండిపోయాడు. కృపామణితో చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఇంటికొచ్చి ఆరిన చుట్ట నోట్లో పెట్టుకుని, మొలలో అగ్గిపెట్టె ఉండగానే, దాన్ని అట్లాగే నమిలాడు. ఎర్రటి ఎండలో ఒక చల్లటి బండ, దాని మీద ఆవిరి లేస్తున్న ముంత. నిజంగా గుర్తొచ్చిందో, అక్క చెప్పింది విని కట్టుకున్నాడో ఆయనకే తెలియలేదు. నాలుక మీద మాత్రం ఉప్పు లేని గటుక రుచి తగిలింది.

అమావాస్య వచ్చింది. పొద్దు వాలకముందే వాడంతా మోటబావి దగ్గర చేరింది. ఈసారి సత్తెమ్మ గుండ్రానికి బయట, గట్టు మీద మేకను పట్టుకుని కూర్చుంది. కంచె అవతల కృపామణి బంగ్లా నుంచి తొందరగా వచ్చి నిలబడి చూస్తోంది. మొగిలయ్య ఉతికిన ధోవతి కట్టుకొచ్చాడు. కర్ర చేతికొస్తే ఎట్లా పట్టుకోవాలో ఇంటి దగ్గర రోకలితో అలవాటు చేసుకుని వచ్చాడని వాడలో అప్పటికే పాకింది.

"అక్కా, ఒట్టేస్తవా?" అన్నాడు రాజనర్సయ్య.

"వెయ్య."

"ఇగ చెప్పు అన్నా," అన్నాడు మొగిలయ్య. "జల్మకు బయటికే అను. లేకుంటే కర్ర ఇటియ్యి."

"జర ఆగు తమ్మీ. ఆమె కాడ అగ్గి తీసుకున్నోళ్లు సుత వెలే అని నేనే చెప్పిన. చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్."

"నేను తీసుకున్న."

జనం గుసగుసలాడారు. రాజనర్సయ్య గొంతులో ఈసారి నాయన లేడు. తానే ఉన్నాడు.

"కృపామణి ఇంట్ల పొద్దుగాల అగ్గి యాడిదని మనల ఒక్కలం అడగలే. సత్తెక్క కుంపటిదే. కంచె మీదికెల్లి అటు పోయి, మల్ల మనింట్లకొచ్చింది. గా అగ్గితోనే నేను దినాం చుట్ట తాగిన. ఇంకొకటి సుత ఇనుండ్రి. ప్లేగుల జీవమణి కాచిన గటుక తిని బతికిన పానం ఇది. నన్ను వెలి వెయ్యాల్నంటే గప్పుడే వెయ్యాలె. ముప్పై ఏండ్లు ఆలిశమైంది."

కర్రను నడుమ నేల మీద పడుకోబెట్టి, గుండ్రం దాటి వెళ్లి, అక్క పక్కన గట్టు మీద కూర్చున్నాడు. మేక ఆయన రుమాలు వాసన చూసింది.

వజ్రమ్మ లేచింది. "నా మొగడే బయటుంటే నేను లోపల ఎవలికి వండాలె?" అంటూ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆ వెనకే ఇంకో ఆడామె పిల్లను చంకనేసుకుని లేచింది. "మా పొయ్యిల సుత గదే అగ్గి." మగవాళ్లు పెళ్లాల ముఖాలు చూశారు, గంపలు చంకన పెట్టుకుని ఒక్కొక్కరే గట్టు మీదికి జరిగారు. గట్టు నిండిపోయింది. వెనకటి పెద్దలంటే ప్రాణం పెట్టే బుచ్చయ్య మాత్రం మోకాళ్లు సహకరించక నడుమ ఉండిపోయి చేతులు చాచాడు.

"నన్నెవలన్న జర లేపుండ్రిరా! నేను సుత వెలి! గంజి తాగలేదనుకుంటుండ్రా?"

ఇద్దరు మోసుకొచ్చి గట్టు మీద దించారు. నడుమ మొగిలయ్య ఒక్కడే మిగిలాడు. కర్ర అతని కాళ్ల దగ్గరే ఉంది. వంగి తీసుకున్నాడు. రోకలితో అలవాటు చేసుకున్నట్టే నిటారుగా పట్టుకున్నాడు. ఎటు తిరిగి పట్టుకోవాలో మాత్రం తెలియలేదు. ఎటు చూసినా ఖాళీ నేలే.

"నేను లోపలున్న!" అన్నాడు గట్టిగా.

"ఉండు బిడ్డా, ఏలుకో," అన్నాడు బుచ్చయ్య.

గట్టు మీదినుంచి మొగిలయ్య పెళ్లాం మంగవ్వ అరిచింది. "ఓ మనిషీ! పొద్దుగాల నువ్వు రెండు ముంతలు తాగిన గంజి దేంతోని కాగిందనుకున్నవ్? నీ మొగతనంతోనా?"

నవ్వుల్లో ఆమె మిగతా మాటలు కొట్టుకుపోయాయి. రాజనర్సయ్య లేచి పోయి మొగిలయ్య చేతిలో సిపాయి ఇచ్చిన అగ్గిపెట్టె పెట్టాడు.

"తీసుకో తమ్మీ. లోపల ఒక్కడివే ఉండాలంటే గిది అక్కెరొస్తది. నేను ఒక్క పుల్ల సుత వాడలే."

మొగిలయ్య అగ్గిపెట్టెను చూశాడు. కర్రను చూశాడు. చలిగాలి ఒకటి బావి మీదుగా వీచింది. కర్రను మోటబావి దిమ్మెకు ఆనించి, తల గోక్కుంటూ గట్టు దగ్గరికి వచ్చాడు.

"జర జరుగుండ్రి," అన్నాడు.

జరిగారు. ఇంక లోపల ఎవరూ లేరు.

కంచె అవతల కృపామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "సత్తెక్కా, మీకు అమావాస్యకే ఒడిసింది! నాకు ఈస్టరు దాక ఉన్నది!" అని అరిచింది.

"ఒడిసినంక మల్ల కేకు చెయ్యే!" అని సత్తెమ్మ అరిచింది. "ఈసారి పెద్ద డబ్బాల పొయ్యి. గీళ్లంత వస్తరట, మొగిలయ్య ముంగట."

చలి ముదిరింది. ఎవరో నాలుగు పుల్లలు పోగేశారు. రాజనర్సయ్య పొద్దుటి నుంచి నములుతున్న చుట్టను చెవి మీదినుంచి తీసి వేళ్ల మధ్య తిప్పాడు. పక్కన మొగిలయ్య అగ్గిపెట్టె తెరవబోయాడు. రాజనర్సయ్య దాన్ని మూసేసి, అందరికీ వినబడేలా అడిగాడు.

"అక్కా, జర అగ్గియ్యి."

సత్తెమ్మ ఆయన వైపు తిరగనే లేదు. మేక గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఇన్నవానే? బంద్ పెట్టినోడే వచ్చి అడుగుతున్నడు. ఇద్దామా?"

మేక చీది, తల ఆడించింది.

"ఇద్దామంటున్నది," అని సత్తెమ్మ కుంపటి కోసం లేచింది.